అర్జీలన్నీ అంబేద్కర్ సారుకే

మా ఊరు ఘనపూర్‌కీ రేగొండకీ నడుమ ఉంటుంది. పేరు చెప్పను. చెబితే మావాళ్లు నన్ను బతకనివ్వరు. మండలం మొత్తానికి టెంట్ హౌస్ నాదొక్కటే. పెళ్లికైనా, దినానికైనా, ఉర్సుకైనా, దీక్షకైనా అదే ఎర్ర షామియానా, అవే గుంజలు, అవే ప్లాస్టిక్ కుర్చీలు. నా పేరు అమ్జద్. నోటిదురుసు మనిషినని ఊళ్లో పేరుంది. అబద్ధమేం కాదు. గుంజ వంకరగా పాతిన పనివాణ్ని, మైకును గోటితో గీకి "హలో హలో" అనే నాయకుణ్ని ఒకే తిట్టు తిడతాను. కానీ సకల జనుల సమ్మె నడిచిన ఆ ఏడాది నా నోరు పడిపోయింది. ఎవరిని తిట్టాలో తెలిస్తే కదా తిట్టేది!

దీక్షా శిబిరం చౌరస్తాలో అంబేద్కర్ విగ్రహం పక్కనే వేశాను. కిరాయి మాట ఎత్తలేదు. రాష్ట్రం కావాలని కోరుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. సినిమాలో దొంగకో తాగుబోతుకో మా యాస పెట్టి మాట్లాడిస్తే, ఆ మాటలకు మా ఊరి టాకీసులో మావాళ్లే పడీపడీ నవ్విన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. అందుకే పొద్దున్నే లేచి, ఎవరూ అడక్కుండానే కుర్చీలు తుడిచి, మైకు కట్టి, మంచినీళ్ల డ్రమ్ము నింపేవాణ్ని. తాశీలు ఆఫీసు వాళ్లు, బడి పంతుళ్లు, కరెంటు ఆఫీసు వాళ్లు దండలు వేసుకుని వచ్చి కూర్చునేవాళ్లు.

శిబిరానికి పెద్ద వెంకటేశ్ సారు. తాశీలు ఆఫీసులో కులం, ఆదాయం సర్టిఫికెట్ల సీటు ఆయనది. ఆ సీట్లో కూర్చుని కూడా చెయ్యి చాపని మనిషి. జీతం ఆగిపోయింది, ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు, అయినా ముఖంలో దిగులు కనిపించనిచ్చేవాడు కాదు. సమ్మె మొదలైన రోజు ఆఫీసుకు అందరి ముందూ తాళం వేసి, తిన్నగా శిబిరానికి వచ్చి మైకు అందుకున్నాడు.

"గీ మహానుభావుడు రాజ్యాంగంల మూడో ఆర్టికల్ రాసి పెట్టిండు. కొత్త రాష్ట్రం ఎట్ల ఇయ్యాల్నో అండ్లనే ఉన్నది. గది అమలు చెయ్యుమనే మనం అడుగుతున్నం. రాష్ట్రం వచ్చేదాంక తాళం తియ్యం. ఎవ్వలూ ఒక్క సంతకం గూడ పెట్టం. ఇగ మన అర్జీలన్నీ అంబేద్కర్ సారుకే!"

చప్పట్లతో షామియానా ఎగిరిపోతుందేమో అనిపించింది. నేనూ కొట్టాను. తర్వాత అందరూ ఊరేగింపుగా వెళ్లి, నా నిచ్చెన వేసి, వినతిపత్రాన్ని విగ్రహం చంకలో ఉన్న పుస్తకానికీ కోటుకూ మధ్య సందులో దోపారు. పేపరు వాళ్లు ఫొటోలు తీసుకున్నారు. ఆ రోజు నుంచి అది రోజూ జరిగే పని అయింది. సాయంత్రం అందరూ వెళ్లాక సారే నిచ్చెనెక్కి ఆ కాయితం తీసి జేబులో పెట్టుకునేవాడు. మర్నాడు మళ్లీ అదే కాయితం.

"సారూ, ఆయన చదివేదాంకనన్న ఉండనియ్యరాదూ?" అని నేను ఆటపట్టిస్తే, "చదివిండు తియ్ అమ్జద్, మనకంటె ముందే చదివిండు" అని నవ్వేవాడు.

అది మాలో మాకు ఒక తమాషా. షామియానా చివర గుంజ పట్టుకుని నిలబడ్డ రాంజీకి అది తమాషా అని ఎవరూ చెప్పలేదు.

రాంజీది మా ఊరికి పడమటి వైపున్న తండా. పత్తి చేను కౌలుకు చేస్తాడు, మిగతా రోజులు కూలికి పోతాడు. కూతురు కవిత మా అమ్మాయి అఫ్రీన్‌తో ఇంటర్ చదివింది. పరీక్షల ముందు మా ఇంట్లోనే కూర్చుని చదువుకునేది, మా ఆవిడ గుల్షన్ చేత్తో అన్నం తినేది, నన్ను చాచా అని పిలిచేది. జనగామలో ఒక నర్సింగ్ స్కూలు నుంచి కవితకు కబురొచ్చింది, సోమవారం సెలక్షన్‌కు రమ్మని. ఎస్టీ సీటు ఒకటుంది. మార్కుల ప్రకారం అది కవితకే రావాలి. కావలసింది కొత్త కులం సర్టిఫికెట్ ఒక్కటే.

దానికోసం రాంజీ సమ్మెకు ముందే ఆఫీసుకు వెళ్లాడు. నీ పాత సర్టిఫికెట్ ఏది అని పంపేశారు. అది వెతికి తెస్తే, జిరాక్సు పనికిరాదు, బిడ్డ బడి కాయితాలు అసలువి కావాలి అన్నారు. బడి చుట్టూ తిరిగి అవి సంపాదించేసరికి ఆఫీసుకు తాళం పడింది.

ఆ రోజు రాంజీ శిబిరంలోకి వచ్చి వెంకటేశ్ సారు కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, అన్ని కాయితాలు అయినయి. జర సంతకం పెట్టియ్యుండ్రి. సోమారం జనగామకు పోవాలె."

సారు లేచి నిలబడ్డాడు. "నా చేతుల లేదు రాంజీ. చూస్తున్నవు గదా. జర ఓపిక పట్టు. రాష్ట్రం వస్తే నీ బిడ్డ కొలువు యాడికి పోదు."

"ఎన్నడొస్తది సారూ?"

"తొందర్లనే వస్తది."

"సోమారం లోపట వస్తదా?"

ఎగతాళికి అడిగిన మాట కాదది. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నాకు ఉండబట్టలేదు, మధ్యలో దూరాను.

"ఒక్క సంతకం సారూ. పిల్ల సంగతి నాకెరుక. నా ఇంట్ల చదువుకున్నది."

"ఒక్కనికి తాళం తీస్తే ఇగ సమ్మె ఏడున్నది అమ్జద్? రేపు ఇంకొకలొస్తరు. ఆ వచ్చినోని బిడ్డది గూడ బతుకే గదా. అయినా సంతకం నాది గాదు, ఎమ్మార్వో సారుది. ఆయన గూడ సమ్మెలనే ఉన్నడు."

అందులో ఒక్క తప్పు మాట ఉంటే పట్టుకుని దులిపేసేవాణ్ని. లేదు. అదే నాకు ఒళ్లు మండించింది.

రాంజీ ఆ సాయంత్రం దాకా షామియానా అంచునే కూర్చున్నాడు. ఏం ఆలోచించాడో తర్వాత నాతో చెప్పాడు. కాయితాలు తీసుకునే సారే, ఇక అర్జీలన్నీ అంబేద్కర్ సారుకే అని మైకులో చెప్పాడు. ఆ సారే పొద్దున ఒక కాయితం అక్కడ పెట్టాడు. చీకటిపడే వేళ మళ్లీ అటుగా పోతూ చూస్తే ఆ కాయితం అక్కడ లేదు. అంటే ఎవరో తీసుకుంటున్నారు. ఆఫీసు మూసి కౌంటరు ఇక్కడికి మార్చారన్నమాట!

ఇది విని నవ్వేవాళ్లను నేను ఊరుకోను. పోయిన వానాకాలం ఆఫీసు కప్పు కురిస్తే ఇదే వెంకటేశ్ సారు బస్టాండులో టేబుల్ వేసుకుని నెల్లాళ్లు సర్టిఫికెట్లు ఇచ్చాడు. ఒకసారి రేషన్ కార్డులు పంచింది కోళ్ల ఫారంలో. సర్కారు ఎప్పుడు ఎక్కడ కూర్చుంటే జనం అక్కడికి పోవాలి. రాంజీ ఎన్నాళ్ల నుంచో చేస్తున్న పనే అది.

మర్నాడు తెల్లవారుజామున, ఇంకా నేను శిబిరానికి రాకముందే, రాంజీ వచ్చాడు. మళ్లీ అసలువి లేవని వెనక్కి పంపుతారేమోనని అన్నీ తెచ్చాడు. తన పాత కులం సర్టిఫికెట్, కవిత బోనఫైడ్లు, మెమోలు, ఫొటో అంటించిన దరఖాస్తు, అన్నీ కవిత వాళ్లమ్మ ద్వాళి అద్దాలు కుట్టిన ఎర్రగుడ్డ సంచిలో పెట్టాడు. చెప్పులు విడిచి గద్దె ఎక్కి, ఆ సంచిని పుస్తకం వెనక సందులోకి లోపలిదాకా తోశాడు. దండం పెట్టుకుని కూలికి పోయాడు.

సరిగ్గా ఆ రోజే ఆర్టీసీ వాళ్లు సమ్మెలోకి దిగారని తెలిసింది. బస్సులన్నీ బందు. శిబిరంలో పండగే, రోజూ దోపే వినతిపత్రం సంగతి కూడా ఎవరికీ గుర్తులేదు. భూపాలపల్లి నుంచి బొగ్గుబాయి కార్మికులు లారీల్లో వచ్చి కలిశారు. డప్పులు మోగాయి. ఎవరో పాల క్యాన్లు తెచ్చారు. అంబేద్కర్ సారుకు పాలాభిషేకం చేయాలన్నారు. ఎవరికి సంతోషమొచ్చినా విగ్రహానికి పాలు పోయడం మా దగ్గర మామూలే.

వెంకటేశ్ సారు నిచ్చెన ఎక్కాడు. నేను కింద పట్టుకున్నాను. బిందెలు ఒకదాని వెంట ఒకటి పైకి అందుతున్నాయి. పాలు తల మీంచి, కళ్లద్దాల మీంచి, నీలం కోటు మీంచి కారుతుంటే జనం జై కొడుతున్నారు. కాసేపటికి నా చేతుల మీద పడే పాలు ఎర్రగా ఉన్నాయి. ఎవరో కుంకుమ కలిపారనుకున్నాను. పైన పుస్తకం పక్క నుంచి ఎర్రటి గుడ్డ కొసా, దానిమీద ఒక అద్దం ముక్కా కనిపించాయి.

"సారూ, ఆగుండ్రి! సారూ!" అని అరిచాను. డప్పుల్లో నా గొంతు ఎవరికి వినిపిస్తుంది? ఇంకో రెండు బిందెలు పోశాకే సారు ఆ గుడ్డ చూసి చెయ్యి పెట్టి లాగాడు. సంచి ఊడి వచ్చింది. దాన్నుంచి ఎర్రపాలు ధారకట్టాయి.

కిందికి దిగి విప్పి చూశాం. మెమోల మీది అచ్చు మిగిలింది. బడి వాళ్లు పెన్నుతో రాసిచ్చిన బోనఫైడ్లలో పేరు లేదు, తరగతి లేదు, సంతకం ఉన్నచోట నీలం మరక ఉంది. రాంజీ పాత సర్టిఫికెట్ మడతల దగ్గర మూడు ముక్కలైంది. దాని మీద సీలు మొత్తం కరిగిపోయింది. కవిత ఫొటో ఊడి సారు అరచేతికి అంటుకుంది. డప్పులు ఆగాయి. మైకులో మాత్రం ఇంకా పాట వస్తూనే ఉంది, ఆపాలని నాకు తోచలేదు.

ఆ కాయితాలను కుర్చీల మీద పరిచి ఎండకు పెట్టాను. సాయంత్రం కూలి పని నుంచి రాంజీ తిన్నగా శిబిరానికే వచ్చాడు, కవితను కూడా వెంటబెట్టుకుని. ముందుగా విగ్రహం వైపు చూశాడు. పుస్తకం పక్కన ఏమీ లేదు. ముఖం వెలిగిపోయింది.

"తీసుకున్నరా అమ్జద్ భాయ్? సంతకం అయిందా?"

అల్లా సాక్షిగా, నా జీవితంలో అంత కష్టమైన ప్రశ్న ఇంకెవరూ అడగలేదు. కుర్చీల వైపు చూపించాను. రాంజీ దగ్గరికి వెళ్లి ఒక్కొక్క కాయితం ఎత్తి చూశాడు. ఆయనకు చదువు రాదు, అయినా సీలు ఉండాల్సిన చోటు తెలుసు. అక్కడ వేలు పెట్టి రుద్దాడు. కవిత, "బాపూ, నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె గదా" అంది. అని వెంటనే, అన్నందుకు బాధపడినట్టు తండ్రి భుజం పట్టుకుంది.

వెంకటేశ్ సారు ఆ రాత్రి అన్నం తినలేదని తర్వాత విన్నాను. మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకుని ఎమ్మార్వో ఇంటికి వెళ్లాడు. ఆఫీసు తాళం చెవి సారు జేబులోనే ఉంది.

"తప్పు నాది సార్. తాళం నేనే తీస్త. నన్ను సంఘంల నుంచి తీసేసినా సరే. ఒక్క సంతకం చెయ్యుండ్రి" అన్నాడు.

ఎమ్మార్వో మనిషి చెడ్డవాడు కాదు, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "పెడ్త వెంకటేశ్. నాకు గూడ ఆడపిల్లలున్నరు. గని దేన్ని చూసి పెట్టాలె చెప్పు? తండ్రి సర్టిఫికెట్ పోయింది. రిజిస్టరు చూసి నకలియ్యాలంటె పాత రికార్డు మన దగ్గర లేదు, ములుగుల ఉన్నది, ఆడ తాళం. బోనఫైడ్ పోయింది, బడికి తాళం. రేపు ఎవ్వడన్న కోర్టుకు పోతే పిల్ల సీటు పోతది, నా కొలువు పోతది. నువ్వే నా సీట్ల ఉంటే పెడ్తవా?"

సారు లేచి దండం పెట్టాడు. బయటికి వచ్చాక గోడకు ఆనుకుని ఏడ్చాడు. అంతమందిని మైకులో ఏడిపించిన మనిషి, నా ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. రావాలని ఎంత చూసినా రాలేదు.

సోమవారం నా ట్రాలీ ఆటోలో రాంజీనీ కవితనీ జనగామకు తీసుకుపోయాను. బస్సుల్లేవు. రైలు సంగతి చెప్పనే అక్కర్లేదు, మానుకోట దగ్గర పట్టాల మీద జనం కూర్చున్నారు. ఎండిన కాయితాలను గుల్షన్ ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఇస్త్రీ చేస్తుంటే ఇల్లంతా మాడిన పాల వాసన.

సెలక్షన్ చేసే ఆఫీసరు హైదరాబాదు నుంచి వచ్చినాయన. కాయితాలను చేత్తో ముట్టుకోకుండా పెన్నుతో తిప్పి చూశాడు. "ఇదేంటమ్మా?"

కవిత జరిగింది జరిగినట్టు చెప్పింది. దాచలేదు, ఏడవలేదు. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"సర్టిఫికెట్ లేకుండా ఎస్టీ సీటు ఇవ్వడానికి నాకు అధికారం లేదు తల్లీ. ఓపెన్‌లో చూద్దామంటే నీ మార్కులు చాలవు."

"సార్, నేను లంబాడి పిల్లను గానంటరా?"

"నువ్వు చెబితే నేను నమ్ముతాను. ఫైలు నమ్మదు."

"గా సీటు మాకు రాసిచ్చినాయన చేతులనే పెట్టిండు సార్ మా బాపు. తప్పు జాగల పెట్టిండా?"

ఆయన వెంటనే తారీఖు మార్చమని హైదరాబాదుకు ఫోన్ చేశాడు, నా ముందే చేశాడు, అబద్ధమెందుకు చెప్పాలి! అక్కడ ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నానికి ఆ సీటును దంతాలపల్లి దగ్గరి తండా నుంచి వచ్చిన ఇంకో పిల్లకు ఇచ్చారు. వాళ్లు సమ్మెకు ముందే సర్టిఫికెట్ తీసుకున్నారట. ఆ పిల్ల తండ్రి సంతోషంతో రాంజీని తమ భాషలో పలకరించాడు. రాంజీ కూడా నవ్వి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మన పిల్లకే వచ్చింది తియ్" అని నాతో అన్నాడు. ఆ నవ్వు చూడలేక ఆటో దగ్గరికి వెళ్లిపోయాను.

తిరిగి వస్తుంటే పరకాల దాటాక రోడ్డు మీద జనం. అడ్డంగా రాళ్లపొయ్యిలు పెట్టి అన్నం, పప్పు వండుతున్నారు. వంటా వార్పు అంటారు దాన్ని. బండ్లన్నీ ఆపి, ప్రయాణికులను కూడా బంతిలో కూర్చోబెట్టి తినిపిస్తున్నారు. ఒక కుర్రాడు నా ఆటోకు అడ్డం వచ్చి, "జై తెలంగాణ అను కాకా, తిన్నంకనే పోవాలె" అన్నాడు. నేను ఇంజను ఆపి హ్యాండిలు పట్టుకుని కూర్చున్నాను. రాంజీ మాత్రం పిడికిలెత్తి గట్టిగా అన్నాడు, రెండుసార్లు. మొహమాటానికి కాదు, మనసారా అన్నాడు.

తారురోడ్డు మీదే కూర్చున్నాం. మణెమ్మ అని అందరూ పిలుస్తున్న ఒక ముసలమ్మ గరిటెతో వడ్డిస్తూ వచ్చింది. చెమటలు కారుతున్నా ముఖం నిండా సంతోషం. కవిత విస్తరి ముందు ఆగింది.

"ఏం చదువుతున్నవు బిడ్డా?"

"నర్సు ట్రైనింగు" అన్నాడు రాంజీ. ఎన్నో రోజులుగా అందరికీ చెబుతున్న మాట, అలవాటుగా వచ్చేసింది.

"లేదవ్వా" అంది కవిత. "రేపటి సంది పత్తి ఏరవోతున్న."

"అయ్యో. ఫికర్ చెయ్యకు బిడ్డా, రాష్ట్రం రానియ్యి. నీ అసొంటోళ్ల కోసమే గదా మేమందరం ఎండల కూసున్నది" అని మణెమ్మ ఇంకో గరిటెడు అన్నం పెట్టింది.

కవిత విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"రాష్ట్రం రావాలె అవ్వా. నేను గూడ మీతోటి కూసుంట. గని అందరు గిట్ల నా కోసమే కూసుంటే, నా కాయితం ఎవ్వలు తీసుకుంటరు?"

మణెమ్మ జవాబు కోసం నా వైపు చూసింది. బంతిలో అటు కూర్చున్నవాళ్లూ ఇటు కూర్చున్నవాళ్లూ నా వైపే చూశారు, పెద్దమనిషినని. ఊళ్లో అందర్నీ తిట్టే నేను తల వంచుకుని పప్పన్నం కలపడం మొదలుపెట్టాను.